బ్రేకు కింద నిమ్మకాయ

ఉదయం ఆరూ పదికి గుడివాడ బస్టాండులో మా డ్రైవరు కుడి కాలి బూటు విప్పాడు.

అందులో విశేషమేమీ లేదు. బస్సు కదలడానికి ఇంకా కాస్త టైముంది. టీ గ్లాసు ఇంజను మూత మీద పెట్టి, వంగి, లేసు వదులు చేసి బూటు లాగాడు. లాగుతుంటే అతని పెదవులు బిగుసుకున్నాయి. టికెట్ల మిషన్లో సర్వీసు నంబరు కొడుతూ నేనది చూశాను. సాక్సు బొటనవేలి దగ్గర తడిసి, పచ్చగా మరక కట్టి ఉంది.

"ఏంటి బావా అది?"

"ఏం లేదులే. గోరుచుట్టు." బూటు సీటు కిందికి తోసి, సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి వేసుకున్నాడు. "నువ్వు రైట్ చెప్పు. కాలేజీ పిల్లలు గోల చేస్తారు."

నేను రైట్ చెప్పాను. బస్సు కదిలింది.

మాది గుడివాడలో బయల్దేరి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు, అక్కణ్ణుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే సర్వీసు. మళ్ళీ అదే దారిలో వెనక్కి. రాత్రి గుడివాడలో హాల్టు. మా ఇద్దరిదీ బందరే కాబట్టి మధ్యలో అక్కడ బండి ఆగిన కాసేపే మాకు ఇల్లు. చుట్టరికం లేదు, అయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా రోజుల్లో బస్సుకు ఇద్దరం. స్టీరింగు అతనిది, బస్సు ఆగడమూ కదలడమూ నావి. తాడు లాగితే ముందు గంట మోగేది. ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే కదలాలి. గంట పాడైతే 'హోల్డాన్', 'రైట్' అని అరిచేవాళ్ళం. కండక్టరు రైట్ చెప్పకుండా డ్రైవరు బండి కదపకూడదు. ఎక్కే దిగేవాళ్ళ కోసం పెట్టిన రూలు అది. కానీ ఆ రూలు కింద ఏళ్ళ తరబడి పనిచేసిన ఇద్దరు మనుషులకు ఒకరి మాట ఒకరు వినడం అలవాటైపోతుంది. నేను మా ఇంట్లో ఎవరి మాటా అంతగా వినలేదు. ఆ విషయం మా ఆవిడ చాలాసార్లు చెప్పింది.

మా డ్రైవరు సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబంలో పుట్టాడు. వాళ్ళింట్లో నేల మీద ఉద్యోగం చేసిన మొదటి మనిషి. చిన్నప్పుడు ఇసకలో, బురదలో వట్టి కాళ్ళతో పడవలు తోసినవాడు. పాదాలు బాగా వెడల్పు. డిపోలో ఇచ్చే బూట్లు ఏవీ ఆ పాదాలకు సరిపోలేదు. "బూటు వేసుకోవడం కాదు బావా, బూటులో దూరడం," అనేవాడు.

మనిషి పెద్ద ఆకారం. సూదంటే భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. వాళ్ళ నాన్నకు షుగరు ఉండేది. అది ఉందని తెలిసేసరికే కాలి వేలికి పుండు పడింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. సముద్రంలో పడవ మీద నిలబడి వల విసిరిన మనిషి చివరి రోజులు గుమ్మం దగ్గర కుర్చీలో గడిపాడు. కొడుక్కు అది కళ్ళ ముందు నుంచి పోలేదు. అప్పట్నుంచి టీలో పంచదార మానేశాడు. స్వీటు ముట్టడు. కానీ ఒక్కసారి కూడా రక్తం పరీక్ష చేయించుకోలేదు.

"చేయించుకోవచ్చుగా?" అని నేనడిగితే, "ఉందని తేలితే స్టీరింగు తీసేస్తారు. గేటు దగ్గర కూర్చోబెడతారు. చీటీలు చూసే పని నాకెందుకు?" అనేవాడు. పరీక్ష చేయించుకోకపోతే జబ్బు రాదన్నట్టు మాట్లాడేవాడు. చదువుకున్నవాళ్ళు కూడా అలాగే ఉంటారు కాబట్టి నేను వాదించలేదు.

ఆ వేలికొచ్చింది గోరుచుట్టు కాదు. గోరు అంచు పక్క మాంసంలోకి దిగింది. గోరుచుట్టు వేరు, ఇది వేరు అని అప్పుడు మాకెవరికీ తెలీదు. బూటు నొక్కుతోందని అతను గోరు మూలను గడ్డం బ్లేడుతో లోతుగా కోసేశాడు. రెండు రోజులు హాయిగా ఉంది. తర్వాత కోసిన చోట గోరు ముల్లులాగా మొలిచి లోపలికి గుచ్చుకుంది. మళ్ళీ కోశాడు. ఈసారి ఇంకా లోతుగా. అలా తనే తవ్వుకుంటూ పోయాడు.

బస్సులో ఏదీ దాగదు. రెండు మూడు రోజుల్లో రెగ్యులర్ ప్రయాణికులందరికీ డ్రైవరు గారి బొటనవేలి సంగతి తెలిసిపోయింది. ఒకాయన పసుపూ సున్నమూ అన్నాడు. గుడ్లవల్లేరులో దిగే కాలేజీ పిల్లొకడు ఫోను చూసి, గోరు మధ్యలో 'వి' ఆకారంలో గాటు పెడితే రెండు అంచులూ మధ్యకు లాక్కుంటాయని చెప్పాడు. మా డ్రైవరు దాన్నీ ప్రయత్నించాడు. గోరు పెరిగేది మొదలు దగ్గర్నుంచి, చివర కోస్తే దానికేం తెలుస్తుందని డాక్టరు తర్వాత నవ్వింది.

బందరులో చేపల బుట్టతో ఎక్కి మోపిదేవి వైపు అమ్ముకొచ్చే ఒక పెద్దావిడ ఉండేది. అందరూ పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె బుట్ట దించకుండానే తీర్పు చెప్పింది.

"నిమ్మకాయ తొడుగు నాయనా. ఇంకేం వద్దు. నీళ్ళల్లో నానే సేతులు మాయి, మాకు తెలవదా గోరుసుట్టంటే?"

గోరుచుట్టుకు నిమ్మకాయ తొడగడం మా వైపు ఇంటింటి వైద్యం. కాయ పైన కోసి, లోపల గుల్ల చేసి, చిటికెడు పసుపు వేసి వేలు దూర్చుకుంటారు. అయితే అది చేతి వేలికి. కాలి బొటనవేలికి, అందులోనూ మా డ్రైవరు బొటనవేలికి, మామూలు కాయ చాలదు. మర్నాడు పెద్దమ్మ ఎక్కడినుంచో దబ్బకాయకు తమ్ముడిలాంటి నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని వేలికి తొడిగి, గుడ్డపేలికతో కట్టి, చెప్పులో పెట్టుకున్నాడు. చల్లగా ఉందన్నాడు. రోజూ బందరులో కొత్త కాయ వేసుకునేవాడు. బస్సంతా నిమ్మకాయ వాసన. చేపల బుట్టల బస్సులో అది మంచిదే అని నేను కూడా అన్నాను.

అప్పుడు కోతలు అయిపోయిన రోజులు. చేలల్లో రాలిన వడ్లు మేపడానికి బాతుల మందల్ని ఊరి నుంచి ఊరికి తోలుకెళ్తుంటారు. చల్లపల్లి దాటాక కాలవ పక్కన రోడ్డు ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపు తిరిగేసరికి రోడ్డంతా బాతులు. వాటి మధ్యలో గడకర్ర పట్టుకుని ఒక మనిషి.

నేను హోల్డాన్ అని అరిచేలోపే మా డ్రైవరు చూశాడు. బ్రేకు తొక్కాడు. బస్సు ఆగలేదు.

కొంచెం తగ్గింది, అంతే. మళ్ళీ తొక్కాడు. ఈసారి ఏదో చితికిన చప్పుడైంది. బండి ఒక్కసారిగా కుంగి నిలబడింది. నేను ముందు సీటు కడ్డీకి కొట్టుకున్నాను. వెనక బుట్టల్లో చేపలు సీట్ల కిందికి జారాయి. బస్సు ముందు బాతులు రెండుగా చీలి, అరుచుకుంటూ రెండు పక్కలా కాలవలోకి, చేలోకి దిగిపోయాయి. గడకర్ర మనిషి కనపడలేదు.

అతను కాలవలో ఉన్నాడు. మొలలోతు నీళ్ళు. కర్ర ఊతంతో గట్టెక్కి తిన్నగా డ్రైవరు తలుపు దగ్గరికొచ్చాడు.

"నీ కళ్ళు యాడ పెట్టుకున్నావయ్యా? నా పిల్లలన్నీ పోయేయి గదా!" పిల్లలంటే బాతులు. ఒక్కటి కూడా చావలేదు.

 మా డ్రైవరు వంగి పెడల్ కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. చెయ్యి పైకి తీస్తే అందులో నలిగిన నిమ్మకాయ, గుడ్డపేలిక. కట్టు ఎప్పుడు వదులైందో, కాయ వేలి నుంచి జారి పెడల్ కింద పడింది. మొదటిసారి పెడల్ పూర్తిగా దిగకుండా అడ్డుపడింది అదే.

బాతులాయన దాన్ని చూశాడు. కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. "నిమ్మకాయ టైరు కింద పెట్టి తొక్కిత్తారయ్యా దిష్టికి. బ్రేకు కింద పెట్టినోణ్ణి నిన్నే సూశా!"

బస్సంతా ఘొల్లుమంది. బతికి బయటపడ్డవాళ్ళ నవ్వు వేరుగా ఉంటుంది, ఆగదు. జారిన చేపలు ఏరుకుంటూ పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వనివాళ్ళం ఇద్దరమే. ఆ వంపులో బాతుల బదులు బడి పిల్లలు ఉండి ఉంటే అని నేను అనుకుంటున్నాను. అతనూ అదే అనుకుంటున్నాడని వంగిపోయిన అతని మెడ చూస్తే తెలిసింది.

చేపలు బుట్టల్లోకి చేరాయి. బాతులు చేల్లోకి దిగాయి. మా డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు.

"రైట్ చెప్పు బావా."

"చెప్పను."

తాడు నా చేతిలోనే ఉంది. వదిలేసి, ముందుకొచ్చి ఇంజను మూత మీద కూర్చున్నాను.

"ఏమండీ కండక్టరు గారూ, నాకు అవనిగడ్డ కోర్టులో వాయిదా ఉందండీ," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "బండి బానే ఉందిగా?"

"బండి బానే ఉందండీ. నిమ్మకాయే పాడైంది."

మళ్ళీ నవ్వారు. నేను గొంతు తగ్గించి అతనితో అన్నాను. "అవనిగడ్డలో దిగగానే డాక్టరు దగ్గరికి వస్తానను. వేలూ చూపించాలి, రక్తమూ చూపించాలి. అప్పుడు చెప్తా రైట్."

"అందరి ముందూ ఏంటి బావా ఇది?"

"ఎవరూ లేనప్పుడు అడిగితే వినలేదుగా."

 అతను నా వైపు వంగి నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "మా నాన్నకీ వేలి దగ్గరే మొదలైంది. ఉందంటే ఏం చెయ్యను?"

"ఉందంటే మందేసుకుంటావు. లేదంటే టీలో పంచదార వేసుకుంటావు."

పెద్దమ్మ వెనక నుంచి కేకేసింది. "ఎల్లి సూపించుకోరా నాయనా! నా నిమ్మకాయ మాటిని ఇంతమందిమి కాలవలో కలిసేవాళ్ళం. ఇంక నేను సెప్తే ఇనమాక!"

అతను తలూపాడు. చెప్పు కూడా తీసేసి, వట్టి కాలితో బ్రేకు రెండుసార్లు తొక్కి చూశాడు. నేను గంట కొట్టాను. అవనిగడ్డ దాకా బస్సు ఎడ్లబండి కంటే కొంచెం తొందరగా వెళ్ళింది. ఆ కాలితో అంత దూరమైనా నడపనివ్వడం సరైనదేనా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే సరైనదేనని అనను. ఆ రోడ్డు మీద మాకు ఇంకో డ్రైవరు లేడు.

అవనిగడ్డ చేరగానే బందరులో మా డిపోకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అటు నుంచి ఇంకో డ్రైవరును పంపుతామన్నారు. ఆయన వచ్చేదాకా మాకు టైము దొరికింది. ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు చిన్న వయసావిడ. వేలు చూసి, "ఎవరు తవ్వారిలా?" అంది.

"నేనేనండీ."

"దేంతో?"

"బ్లేడుతోనండీ."

"తర్వాత?"

"నిమ్మకాయండీ."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

రక్తానికి సూది పెడుతుంటే అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు షుగరు ఒక్కటే కాదు, మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష కూడా రాసింది ఆమె. ఫలితం వచ్చేదాకా ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్నాం. నా సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. తీశాను కానీ ఒక్క పేజీ తిరగలేదు. అతను తన రెండు పాదాలూ పక్కపక్కన పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి, "గేటు దగ్గర పనైతే మనిద్దరం కలవం కదా," అన్నాడు. కాలు పోతుందేమో అన్నది అనలేదు.

కాగితం వచ్చింది. అతను తీసుకోలేదు. నేను తీసుకున్నాను. నాకా అంకెలు అర్థం కాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె చూసి పక్కన పెట్టేసింది.

"షుగరు లేదు. అసలా ఛాయలే లేవు. ఇది వట్టి గోరు. ఇరుకు బూటూ, మీ బ్లేడూ కలిసి చేసిన పని."

అతను, "ఇంకోసారి చూడండి మేడమ్," అన్నాడు. ఆమె చూసింది. మళ్ళీ అదే చెప్పింది.

బయటికొచ్చాక బస్టాండు పక్క టీ కొట్టు ముందు ఆగాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ కొట్టువాడు మా బండి కనపడగానే ఒక టీ పంచదార లేకుండా కలిపేవాడు. ఆ రోజు కూడా కలపబోయాడు.

"ఇదిగో, పంచదార వెయ్యి," అన్నాడు మా డ్రైవరు.

"మీకాండీ?"

"నాకే. రెండు చెంచాలు. కాదు, మూడెయ్యి."

తాగి, ముఖం వికారంగా పెట్టి, సగం గ్లాసు నా చేతికిచ్చాడు. "ఇంత తీపిగా ఎట్టా తాగుతారు బావా జనం?"

డాక్టరు పుండు శుభ్రం చేసి, చీముకు మాత్రలిచ్చి, మిగతాది ఇంట్లోనే చేసుకోమంది. ఆమె చెప్పింది మామూలు విషయమే. రోజూ రెండుపూటలా గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు పెట్టాలి. తడి లేకుండా తుడవాలి. మెత్తబడ్డ గోరు మూలను నెమ్మదిగా పైకెత్తి, దాని కింద వడ్లగింజంత దూది పెట్టాలి. రోజూ మార్చాలి. మాంసం మీది నుంచి గోరు బయటికి పెరిగేదాకా బూటు వేసుకోకూడదు, మూలలు కొయ్యకూడదు. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపి రావాలి. షుగరు ఉన్నవాళ్ళు ఇవేవీ సొంతంగా చేసుకోకూడదని గట్టిగా చెప్పింది. అందుకే ముందు పరీక్ష చేశానంది.

వేలు మానేదాకా కొద్ది వారాలు అతనికి డ్రైవింగు లేదు. డిపోలో కూర్చునే పని. అతను భయపడ్డ గేటు పనే. మా ఇల్లు డిపోకు దగ్గర కాబట్టి మధ్యాహ్నం మా ఇంటికొచ్చేవాడు. ఆ రోజుల్లో నాకూ బందరు చుట్టుపక్కల డ్యూటీ పడింది. మా ఆవిడ నీళ్ళు కాచి ప్లాస్టిక్ టబ్బులో పోసేది. మొదటి రోజు దూది తనే పెట్టబోతే అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"చెల్లెలి చేత కాలు పట్టించుకుంటానా? నలుగురూ వింటే ఉమ్మేస్తారు."

"అయితే మీ బావ పెడతారు అన్నయ్య గారూ," అంది ఆమె.

అలా ఆ పని నా మీద పడింది. చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని, అతని పాదం నా మోకాలి మీద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చెప్పేది. "ఇంకొంచెం సన్నగా నలపండి. అబ్బా, పొడవకండి, పెట్టండి!" అతను కళ్ళు గట్టిగా మూసుకుని, "బావా, హోల్డాన్!" అని అరిచేవాడు. నేను ఆగేవాణ్ణి. ఊపిరి పీల్చుకుని "రైట్" అనేవాడు. నేను మొదలుపెట్టేవాణ్ణి. జీవితంలో ఆ కొద్ది రోజులే బెల్ అతని చేతిలో ఉంది.

మొదటి వారంలో వాపు తీసింది. తర్వాత చీము ఆగింది. ఒక రోజు దూది పెట్టబోతే గోరు మూల మాంసం మీదికి వచ్చి కనపడింది. మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె వంగి చూసి, "ఇక దూది అక్కర్లేదు," అంది. ఆ టబ్బు కడిగి ఎండలో బోర్లించింది. ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు తగ్గినట్టు ఆ రోజు పాయసం చేసింది. అతను రెండు గ్లాసులు తాగాడు.

తర్వాత బందరులో ఒక చెప్పులు కుట్టే ఆయన బూటు ముందు భాగాన్ని అతని పాదానికి తగ్గట్టు సాగదీసి ఇచ్చాడు. డ్యూటీలో తిరిగి చేరిన ఉదయం పెద్దమ్మ బస్సెక్కుతూ ముందు అతని కాళ్ళ వైపు చూసింది. "నిమ్మకాయలు తెచ్చా. పులుసుకి," అంది.

రిటైరయ్యేదాకా అతను స్టీరింగు దగ్గరే ఉన్నాడు. తర్వాత కూడా గోళ్ళు తీసుకునేటప్పుడు వెలుతురులో కూర్చుని తిన్నగా కత్తిరించేవాడట. మూలలు వదిలేసేవాడట. మనవలకూ అలాగే తీసేవాడట. ఇవన్నీ వాళ్ళావిడ చెప్పింది, పోయిన వేసవిలో అతను చనిపోయాడని తెలిసి నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఏ ఆస్పత్రికీ వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

అరుగు మీద పడుకోబెట్టారు. ఆనవాయితీ ప్రకారం కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టారు. నేను దండ వేసి, అందరిలా ముఖం చూసి, తర్వాత వెళ్ళి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. కుడి బొటనవేలి గోరు తిన్నగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు. అతను పోయాడన్న బాధ అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ వేలు చూశాక గుండెలో ఎక్కడో ఒక ముడి వదులైంది. రెండు పాదాలతోనే వెళ్ళాడు. బెంచీ మీద కూర్చున్న రోజు అతను కోరుకున్నది అదే.

రిటైరయ్యాక మా కాపురం గుడివాడకు మారింది కాబట్టి, సాయంత్రం బందరు బస్టాండులో గుడివాడ బస్సెక్కాను. మా పాత సర్వీసే. కుర్ర డ్రైవరు తనే మిషను పట్టుకుని సీటు సీటు తిరిగి టికెట్లు కొట్టాడు. తర్వాత వెళ్ళి కూర్చుని, అద్దంలో ఒకసారి వెనక్కి చూసి, బండి తీశాడు. ఇప్పుడు ఆ బస్సుకు ఎవరూ రైట్ చెప్పరు.